అటవీ కొలువుల్లో మనమెక్కడ?

బంగారుపేట తాలూకాలో రాగిచేలోకి ఏనుగులు దిగినా, హోసూరు పక్కన టమోటా తోట తొక్కినా ఊరివాళ్లు మొదట పరుగెత్తేది డీఎఫ్‌ఓ ఆఫీసుకు కాదు, రోజుకూలీకి పనిచేసే వాచరు ఇంటికి. అర్ధరాత్రి టార్చిలైటు, నాలుగు టపాసులు పట్టుకుని బయలుదేరేది అతనే. చాలా ఊళ్లలో అతను మనవాడే. ఇంట్లో తెలుగు, బయట కన్నడమో తమిళమో మాట్లాడేవాడే. అతని పైన గార్డు మారతాడు, రేంజరు మారతాడు, డీఎఫ్‌ఓ మారతాడు. పదేళ్లు గడిచినా అతను మాత్రం వాచరుగానే ఉంటాడు.

పంట పోయినప్పుడల్లా అటవీశాఖను తిట్టుకోవడం మనకు అలవాటే. తిట్టడంలో తప్పేమీ లేదు. కానీ ఆ శాఖలో ఎవరున్నారు, కింది నుంచి పైకి ఎలా వస్తారు, నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుంది అన్నది మనం పెద్దగా అడగం. సరిహద్దు పల్లెల్లో పంటలే కాదు, ప్రాణాలూ ఆ సంగతుల మీదే ఆధారపడి ఉన్నాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రానికీ ఒక చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఉంటారు. మనిషి ప్రాణానికి ముప్పుగా మారిన ఏనుగునో పులినో పట్టాలంటే ఆయన రాతపూర్వక ఆదేశం కావాలి. పట్టడం, మత్తుమందిచ్చి వేరే అడవికి తరలించడం కుదరదని తేలితే తప్ప చంపమని చెప్పే వీల్లేదు. ఆయన కూర్చునేది బెంగళూరులోనో చెన్నైలోనో. అడుగుజాడ చూసేది ఇక్కడి వాచరు. దాన్ని పుస్తకంలో రాసేది గార్డు. అక్కడి నుంచి సెక్షను, రేంజి, డివిజను, సర్కిలు దాటుకుని ఆ కబురు రాజధానికి చేరాలి. కింద చూసినవాడి మాట మధ్యలో ఎక్కడ ఆగిపోయినా పైన తీసుకునే నిర్ణయం ఆలస్యమవుతుంది, లేదా తప్పవుతుంది.

ఈ భారం తక్కువదేమీ కాదు. 2023 లెక్కల ప్రకారం కర్ణాటకలో 6,395, తమిళనాడులో 2,961 ఏనుగులున్నాయి. వాటికి సరిహద్దు రాళ్లు తెలియవు. హోసూరు, ధర్మపురి అడవుల వైపు నుంచి 1980ల్లో వచ్చిన గుంపుల వల్లే చిత్తూరు జిల్లాలో 1990లో కౌండిన్య అభయారణ్యం వెలిసింది. ఒడిశాలోని లఖారి లోయ ఏనుగులు శ్రీకాకుళం, పార్వతీపురం పొలాల్లోకి దిగాయి. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర వైపు నుంచి ప్రాణహిత దాటిన ఒక ఏనుగు కుమురం భీం జిల్లాలో ఇద్దరు రైతుల ప్రాణాలు తీసింది. నది అవతలి కబురు ఇవతలికి ఎంత వేగంగా వచ్చిందన్న దాని మీదే ఇలాంటిచోట మనిషి బతుకు ఉంటుంది.

ఇక్కడ ఒక అధికారిని తలచుకోవాలి. పి.శ్రీనివాస్ మన రాజమండ్రిలో పుట్టినవాడు. ఐఎఫ్‌ఎస్‌లో చేరి కర్ణాటకలో పనిచేశాడు. వీరప్పన్ పుట్టిన గోపీనాథం ఊరినే తన పనిచోటు చేసుకున్నాడు. నేల కర్ణాటకది, ఊరి మాట తమిళం, అధికారి తెలుగువాడు. తుపాకీ కంటే ముందు ఊరి నమ్మకం సంపాదించాలనుకున్నాడు. వైద్యశాల పెట్టించాడు, ఇళ్లు కట్టించాడు, మారియమ్మ గుడి కట్టించాడు. లొంగిపోతానన్న వీరప్పన్ కబురు నమ్మి ఆయుధం లేకుండా వెళ్లి 1991 నవంబరు 10న హతుడయ్యాడు. ప్రభుత్వం మరణానంతరం కీర్తిచక్ర ఇచ్చింది. ఆయన నమ్మకం ఆయన ప్రాణం తీసింది, నిజమే. అయినా ఆ ఊరు ఆయన్ను మరవలేదు. అడవి కొలువులో పెద్దరికం ఎలా వస్తుందో ఆయన చూపించి వెళ్లాడు. ఊళ్లో ఉండాలి, ఊరి మాట వినాలి, మొదలుపెట్టిన పని పూర్తయ్యేదాకా నిలవాలి. ఏడాది తిరక్కుండా బదిలీ అయిపోయే అధికారికి ఏ దారిలో ఏనుగులొస్తాయో తెలిసేసరికే సామాను సర్దుకునే వేళవుతుంది.

పైస్థాయిలో రాష్ట్రాలు ఒకరికొకరు చేయందిస్తున్న మాట నిజం. కుమ్కీ ఏనుగుల కోసం 2024లో ఆంధ్ర, కర్ణాటక ఒప్పందం చేసుకున్నాయి. 2025 మే 21న బెంగళూరులో కుమ్కీల అప్పగింత కూడా జరిగింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం ఏర్పాటైంది. సంతోషమే. మంత్రులు కలిశారు, ఏనుగులు వచ్చాయి. మరి కుప్పం రేంజరు, బంగారుపేట రేంజరు, కృష్ణగిరి రేంజరు నెలకొకసారైనా ఒకచోట కూర్చునే పద్ధతి ఉండొద్దా? గుంపు ఎటు కదిలిందో ఒకరికొకరు ఫోనులో చెప్పుకోవడానికి ఏ ఒప్పందం కావాలి?

ఇక కొలువుల సంగతి. కర్ణాటకలో గస్తు అరణ్య పాలక, వలయ అరణ్యాధికారి అన్నా, తమిళనాట వనక్కాప్పాళర్, వనవర్ అన్నా మెట్లు దాదాపు ఒకటే. శాఖలో పక్కాగా చేరినవాడికి పదోన్నతి దారి ఉంది. రోజుకూలీకో కాంట్రాక్టుకో చేరినవాడికి ఆ మెట్లే లేవు. అడవిని ఎక్కువ ఎరిగినవాడికే శాఖలో తక్కువ చోటు. ఇది మారొచ్చని తమిళనాడే ఒకసారి చూపించింది. తెప్పక్కాడు శిబిరంలో తాత్కాలికంగా పనిచేసిన బెళ్లి అనే గిరిజన మహిళను 2023లో కావడిగా పర్మినెంటు చేశారు. ఆమె పెంచిన ఏనుగుపిల్లల మీద తీసిన చిత్రానికి ఆస్కార్ వచ్చాకే అది జరిగింది. ప్రతి వాచరు మీదా సినిమా తీయరు కదా! పని చేసిన ఏళ్లను లెక్కలోకి తీసుకోవడానికి బహుమతి దాకా ఆగాలా?

మన పిల్లలకూ ఒక మాట. కర్ణాటకలో గార్డు కొలువుకు పీయూసీ చాలు. కానీ కన్నడం రావాలి. తమిళనాట సర్కారీ పరీక్షల్లో తమిళం పేపరు గట్టెక్కాల్సిందే. ఇంట్లో తెలుగు నిలుపుకుంటూనే ఊరి భాష బాగా చదవండి. రెండు భాషలొచ్చినవాడు ఈ సరిహద్దు అడవుల్లో శాఖకు బరువు కాడు, బలం. ఇంకా పైకి పోవాలంటే సిర్సి, పొన్నంపేట, మేట్టుపాళయంలలో అటవీ డిగ్రీ కాలేజీలున్నాయి. ఐఎఫ్‌ఎస్‌కు డిగ్రీలో సైన్సో, లెక్కలో, వ్యవసాయమో, ఇంజినీరింగో ఉండాలి. చరిత్రతో బి.ఏ. చేసినవాళ్లకు అది లేదని డిగ్రీ అయ్యాక తెలిసి లాభం లేదు, ఇంటర్‌లోనే తెలియాలి. ఆ ఎంపికలో మగపిల్లలు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడపిల్లలు 14 కిలోమీటర్లు నడవాలి. అడవి గట్టున పెరిగినవాళ్లకు నడక ఒక లెక్కా? కావలసింది దారి చెప్పేవాళ్లే. మన సంఘాలు ఉగాదికి వేదికలు కట్టినట్టే ఏడాదికొకసారి ఈ పరీక్షల శిబిరం పెడితే పుణ్యం, పురుషార్థం రెండూ దక్కుతాయి.

ప్రభుత్వాలను మనం అడగాల్సినవి మూడే. సరిహద్దు బీట్లలో పక్క ఊరి భాష వచ్చినవాళ్లను వేయాలి. వేసిన అధికారిని కనీసం మూడేళ్లు కదపకూడదు. ఏళ్ల తరబడి పనిచేసిన వాచర్లకు గార్డు కొలువుల్లో వాటా ఇచ్చి, ప్రమాదం జరిగితే ఆ ఇంటికి భరోసా ఇవ్వాలి.

సెప్టెంబరు 11న దేశమంతా అటవీ అమరుల దినం జరుపుతారు. అమరులకు పూలదండ వేయడం మంచిదే. దాంతోపాటు ఈ రాత్రి టార్చి పట్టుకుని చేనుగట్టున నిలబడ్డవాడికి ఒక మెట్టు వేస్తే ఆ దండకు అర్థం ఉంటుంది.