లేసు సూదియు బాలబాలికలును

మన పాఠశాలయందు ఎనిమిదవ తరగతి బాలబాలికలకు వారమునకొక గంట లేసు అల్లిక నేర్పవలెనని నేను కోరినప్పుడు, తల్లిదండ్రులలో కొందఱు మూడు ప్రశ్నలడిగిరి. పరీక్షలకు పనికిరాని దీనికి కాలమేల వెచ్చింపవలెను? మగపిల్లలకు లేసు అల్లికయేల? తుదకు పిల్లలచేత కూలికి అల్లింతురా? ఈ మూడును న్యాయమైన ప్రశ్నలే. వానికి నాకు తోచిన ప్రత్యుత్తరము నిచ్చట వ్రాయుచున్నాను.

నరసాపురము, పాలకొల్లు ప్రాంతములందు లేసు సూది నెఱుగని ఊరు అరుదు. అయినను ఈ పని మనకు తాతముత్తాతలనాటిది కాదు. స్కాట్లండునుండి వచ్చిన మెక్రే దంపతులు 1844 ప్రాంతమున గోదావరీ తీరమందలి దుమ్ముగూడెమున స్త్రీలకు లేసుపని నేర్పిరని చెప్పుదురు. పిదప నది డెల్టా గ్రామములందు వ్యాపించెను. ఆ దశాబ్దముననే, 1845లో బంగాళాదుంప పంట చెడి ఐర్లండు దేశమున ఘోరమైన కఱవు పుట్టగా, అచటి స్త్రీలును బాలికలును ఈ కొక్కెపు సూదితో అల్లియే కుటుంబములను నిలువబెట్టుకొనిరి. నరసాపురపు లేసునకు 2024వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపును లభించెను. ఇంతటి చరిత్ర గల పనిని మన పిల్లలు పేరు మాత్రమే విని విడిచిపెట్టుట తగునా?

ఇక మొదటి ప్రశ్న. సన్నని నూలును, సన్నని సూదియు మొదటి దినముననే యిచ్చినచో పిల్లలు విసుగు చెందుదురు. కావున ముందు లేతరంగు గల లావుపాటి ఉన్నిదారమును, నాలుగు మిల్లీమీటర్ల సూదిని ఇచ్చెదను. లేతరంగుపై కుట్లు స్పష్టముగ కనబడును. ఇరువది గొలుసు కుట్లు, వానిపై చిన్న కుట్ల వరుసలు, ఇంతియే మొదటి పాఠము. ప్రతి వరుస చివరను కుట్లు లెక్కింపవలెను. చివరి కుట్టు కనబడక విడిచినవారి చదరము కొన్ని వరుసలకే త్రికోణమగును! అప్పుడు నేను కోపపడను, దారమును లాగుమందును. తప్పిన చోటివరకు అల్లికయంతయు విడిపోవును, దారము మాత్రము చెడదు. చేసిన తప్పును తానే కనుగొని, సిగ్గుపడక విప్పి, మరల అల్లుట యొక గొప్ప విద్య. కొట్టివేతలు కనబడునను భయముచే తప్పు లెక్కనే అప్పగించు బాలునకు ఇంతకంటె మంచి పాఠమేది?

గణితమును ఇందు దాగియున్నది. ఆఱు చిన్న కుట్లతో చక్రమును మొదలిడి వరుసకు ఆఱేసి పెంచినచో, 12, 18, 24 అగుచు అల్లిక బల్లపరుపుగా నుండును. తక్కువ పెంచిన గిన్నెవలె ముడుచుకొనును. ఎక్కువ పెంచిన అంచు కుచ్చిళ్లు పడును. ఈ కుచ్చిళ్లను ఆధారముగ గొని డైనా తైమినా అను గణిత పండితురాలు 1997లో, కాగితముపై చూపుట దుర్లభమైన యొక విచిత్ర తలమును అల్లి తన విద్యార్థులకు చేతికిచ్చెను. కావున ఈ గంట పరీక్షలకు శత్రువు కాదు.

రెండవ ప్రశ్నకు ఉత్తరము సముద్రతీరముననే కలదు. మన బెస్తలు వలలు అల్లుచున్నారు, చినిగిన వలలను బాగుచేయుచున్నారు. వల అల్లు చేతికి నామోషీ లేనప్పుడు, లేసు అల్లు చేతికేల? నా తరగతిలో మొట్టమొదట సరియైన చదరము నల్లినవాడొక బాలుడే.

మూడవ ప్రశ్న అన్నింటికంటె ముఖ్యము. పిల్లలచేత కూలికి అల్లించుట యెన్నటికిని కూడదు. వారు చేసినది వారిదే. బడికొఱకైనను దానిని అమ్మరాదు. అయితే శ్రమ విలువను మాత్రము తప్పక నేర్పవలెను. మరియా మీస్ అను జర్మను పండితురాలు నరసాపురపు లేసు స్త్రీలనుగూర్చి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. దేశాంతరములకు పోవు సరకును చేయు స్త్రీలను గృహిణులనియు, వారి పనిని తీరికవేళ వ్యాపకమనియు చెప్పుటవలననే వారికి అత్యల్పమైన కూలి దక్కినదని ఆమె చూపెను.

అందుచేత నా తరగతిలో ప్రతి చదరముతోపాటు ఒక చీటి యుండును: పట్టిన దారమెంత, దాని వెలయెంత, పట్టిన కాలమెంత. ఒకనాడొక బాలిక తన చీటిని ఇంటికి గొనిపోయి, మరునాడు వచ్చి, "టీచరుగారూ, మా నాయనమ్మకూడ ఈ లెక్క వేసికొన్నది. ఇన్నియేండ్లు అల్లినను గంటకెంత వచ్చినదో ఎప్పుడును లెక్కింపలేదట. లెక్క చూచుకొని చాలసేపు మాటలాడలేదు" అని చెప్పెను. తరగతియంతయు నిశ్శబ్దమయ్యెను. ఆ దినమున నేను వేఱు పాఠము చెప్పలేదు.

తల్లిదండ్రులారా, మీ పిల్లలందఱును లేసు పనివారు కావలెనని నేను కోరుట లేదు. వారిలో కొందఱు వర్తకులగుదురు, కొందఱు ఉద్యోగులగుదురు, అందఱును ఏదో యొకటి కొనువారగుదురు. ఒక బల్లగుడ్డను చేతబట్టి బేరమాడబోవునప్పుడు, ఒక్క చదరమునకు తమ వ్రేళ్లు పడిన పాటు జ్ఞప్తికి వచ్చినచో, వారు న్యాయమైన వెల నిచ్చెదరు. అందులకు వారమునకొక గంట ఎక్కువ కాదు.