చేతిపనికి ఇంటిలో ఒక చోటు



కుట్టుపని, అల్లిక, చిత్రలేఖనము మున్నగు చేతిపనులను గూర్చి ఈ శీర్షికక్రింద మాసమాసమును ముచ్చటించుకొనుచున్నాము. ఏ పనిని గూర్చి వ్రాసినను మన యిండ్లలో వినవచ్చు మాట యొకటి కలదు: “నేర్చుకొనుటకు మనసున్నది, చేసికొనుటకు చోటేదీ?” ఈ మాటను సాకని త్రోసివేయుటకు వీలులేదు. ఇంటిలో వంటకొక చోటున్నది. పూజకొక గూడున్నది. పిల్లల చదువునకు బల్ల యున్నది, మగవారి కాగితములకు బీరువా యున్నది. ఇల్లాలి చేతిపనికి మాత్రము ఇతరులెవ్వరును వాడని వేళ, ఇతరులెవ్వరును కూర్చుండని స్థలమే గతి.

దీని ఫలితమేమో మనకందరకు తెలియును. సగము కుట్టిన రవికను భోజనముల వేళకు మడచి పెట్టవలెను. మరల తీయునప్పటికి సూది యొకచోట, దారమొకచోట, కత్తెర పిల్లవాని పుస్తకముల సంచిలో! దొరికిన అరగంటలో పావుగంట వెదకుటకే సరి. పదిమారు లిట్లు జరిగినపిదప ఆ పని కాస్త అటకనెక్కును. “ఏమోనమ్మా, ఇదివరకటి సరదా లేదు” అని మనలను మనమే నిందించుకొందుము. సరదా ఎక్కడికిని పోలేదు. దానికి నిలువనీడ లేకపోయినది, అంతే.

1929లో వర్జీనియా ఉల్ఫ్ అను ఆంగ్ల రచయిత్రి, స్త్రీ కథలు వ్రాయవలెనన్నచో ఆమెకు కొంత ధనమును, తనదైన యొక గదియు నుండవలెనని ఒక గ్రంథమున వాదించెను. ఆమె చెప్పినది కలమును గూర్చియే యైనను, సూదికిని కుంచెకును ఆ మాట వర్తించును. అయితే రెండు గదుల అద్దెయింటిలో అత్తమామలతోను, బిడ్డలతోను కాపురముండువారికి వేరొక గది యెక్కడిది? గది లేకున్నను పని సాగును గాని, కట్టుబాటు లేనిదే సాగదు. మూడడుగుల మూలయైనను సరే, అది ఆ పనిదేయని ఇంటిల్లిపాదియు నెరిగియుండవలెను. ఈనాడు సగములో విడిచిన పని, రేపటికిని చెక్కుచెదరక ఆ సగములోనే యుండవలెను. ఈ రెండును కుదిరినచో మూల చాలును.

ఆ మూలను ఎట్లు తీర్చుకొనవలెనో తెలిసికొనుటకు దూరదేశముల పుస్తకములు వెదుక నక్కరలేదు. 2016 అక్టోబరు 11వ తేదీని ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలోను, వాని పొరుగునను తరతరములుగా చేతిపనితో బ్రతుకుచున్న కుటుంబములు గలవు. వారి పనిచోట్లే మనకు పాఠశాలలు.

పెంబర్తి చెప్పు పాఠము

జనగామ దగ్గర, హైదరాబాదు నుండి వరంగల్లు పోవు రహదారిమీద పెంబర్తి గ్రామమున్నది. కాకతీయుల కాలమున దేవాలయములకు లోహపు తొడుగులు, వాహనములు చేసినవారి సంప్రదాయము ఈ గ్రామపు విశ్వకర్మలదని ప్రసిద్ధి. నేడు పెంబర్తి లోహకళకు భౌగోళిక గుర్తింపును లభించినది. వారు ఇత్తడి రేకును కాల్చి మెత్తపరచి, లక్క పరుపుమీద అతికించి, ఉలులతోను సుత్తితోను నగిషీ తీర్తురు. లక్క రేకును కదలనీయదు. దెబ్బ తగిలినచోట లోనికి దిగుటకు కొంత చోటిచ్చును. ఆ పరుపు లేనిదే ఎంత నేర్పరియైనను రేకుమీద ఒక పువ్వును తీర్చలేడు.

మనము గ్రహింపవలసినది ఇది: పనిని గట్టిగా పట్టియుంచు ఆధారము ముందు కావలెను, పనిముట్లు తరువాత. ఒడిలో గుడ్డ పెట్టుకొని, మోకాలిమీద లాగిపట్టుకొని కుట్టుటచేత కుట్టును వంకరపోవును, మెడయు నొచ్చును. అల్లికకు గుండ్రని చట్రము, కత్తిరింపునకు చదునైన పలక, మిషనుకు కదలని బల్ల ఏర్పరచుకొన్న పిమ్మటనే రంగురంగుల దారములు కొనవలెను. మనలో ననేకులు దారములు ముందు కొని, బల్ల మాట మరతురు.

చేర్యాల చెప్పు పాఠము

2016 వరకు వరంగల్లు జిల్లాలో నుండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాల జనగామకు ఇరుగుపొరుగు. అచ్చటి నకాషీ చిత్రకారులు, కులపురాణములు చెప్పు కథకుల కొరకు పొడవైన పటములు వ్రాసెడివారు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి ఎండబెట్టుదురు. పిదప గీతలు, ఎఱ్ఱని వెనుకతలము, రంగులు, తుదిని నల్లని అంచుగీతలు. ఒకటి ఆరిననే గాని మరియొకటి లేదు.

ఆ పటములు 30, 40 అడుగుల పొడవుండెడివి. అంత పొడవు గుడ్డను పరచుటకు ఎవరి యింట చోటుండును? వారు వ్రాసిన భాగమును చుట్టుకొనుచు, వ్రాయవలసిన భాగమును విప్పుకొనుచు పోయెడివారు. ఎంత పెద్ద పనియైనను, ఒకనాటికి మన యెదుట నుండవలసినది ఆనాటి మేరయే. పెద్ద దుప్పటిమీద కుట్టుపని చేయువారు మిగిలిన భాగమును చుట్టి, శుభ్రమైన గుడ్డసంచిలో దూర్చి, కుట్టవలసిన జానెడు మేర మాత్రమే బయట నుంచుకొన్నచో చాప యంత చోటు చాలును. దుప్పటియు మాయదు.

మరియొకటి. చింతగింజల అంబలి నిలువ యుంచినచో పులిసి చెడును. అందుచేత ఆ పనికి కావలసినంతయే కాచుకొనవలెను. జిగురులకును, కలిపిన రంగులకును ఇదే నియమము. పనిచోటును చిందరవందర చేయునది పని కాదు. “ఎప్పుడో పనికివచ్చును” అని దాచిన మిగులు.

తండా చెప్పు పాఠము

మహబూబాబాదు జిల్లాలో లంబాడా తండాలు అనేకము. అచ్చటి వృద్ధ స్త్రీలు ధరించు ఫేటియా లంగామీదను, కాంచళి రవికమీదను అద్దపు బిళ్లలు, గవ్వలు, పూసలు, రంగుదారపు కుట్లు చూచి ముగ్ధులు కానివారుండరు. ఆ పనికి గది లేదు, బల్ల లేదు. కావలసినదంతయు ఒక్క సంచిలో నిముడును. చిన్నచిన్న ముక్కలుగా కుట్టి, పిదప వానిని వస్త్రమునకు చేర్తురు. ఎక్కడ వెలుతురున్నదో అక్కడికి సంచి పోవును: ప్రొద్దున గుమ్మము ముందర, మధ్యాహ్నము చెట్టునీడను.

మూల సైతము దొరకనివారికి ఇదియే మార్గము. ఒక గట్టి సంచి, దానికి లోపల నాలుగు జేబులు, ప్రతి వస్తువునకు తన జేబు. సంచి తెరచిన క్షణమున పని ఆరంభము కావలెను. మూసిన క్షణమున ఇల్లు శుభ్రము కావలెను.

మహాదేవపురము చెప్పు పాఠము

భూపాలపల్లి జిల్లాలో గోదావరి తీరపు అడవులకు చేరువనున్న మహాదేవపురము దసలి పట్టునకు పేరుపొందినది. మద్దిచెట్ల ఆకు తిని పెరుగు పురుగు కట్టిన కాయలను ఉడికించి మెత్తపరచి నూలు తీయుదురు. మనదేశమున దసలి పట్టు తీయు అనేక ప్రాంతములలో స్త్రీలు నేలమీద మఠము వేసికొని, ఆ పోగును తమ తొడమీదనే రుద్ది పేనెడివారు. చర్మము ఒరసికొనిపోవును, నడుము పడిపోవును, వచ్చునది స్వల్పము. ఈ కష్టము తొలగుటకై కేంద్ర పట్టుమండలి గత దశాబ్దమున “బునియాద్” అను చిన్న యంత్రములను స్త్రీలకు అందజేయించినది.

దేహమును పనిముట్టుగా చేసికొనిన పని ఎంత అందమైనదైనను అన్యాయమే. మన యింటి చేతిపనిలోను ఈ అన్యాయము సన్నసన్నగా జరుగుచునే యుండును. రాత్రి పది గంటలకు, అందరును పడుకొన్నపిదప, మంచముమీద వంగి, వీపునకు ఆనిక లేక, మసక దీపమున నల్లగుడ్డమీద నల్లదారముతో కుట్టు ఇల్లాలు చేయుచున్నదేమి? ఇక పదేండ్లకు కావలసిన కన్నులను ఈనాడే ఖర్చుపెట్టుచున్నది.

మూలను తీర్చుకొను విధము

ఈ నాలుగు పాఠములను మనసునందుంచుకొని మూలను ఎన్నుకొనుడు. మొదట చూడవలసినది వెలుతురు. ఉత్తరపు కిటికీ దొరకినచో మేలు. ఏలయన, ఏడాదిలో చాలభాగము అందుండి ఎండ తిన్నగా పడదు, వెలుతురు దినమంతయు ఇంచుమించు ఒకే తీరున నుండును, రంగులు నిజముగా కనబడును. కుడిచేతితో పనిచేయువారికి వెలుతురు ఎడమప్రక్కనుండి రావలెను. లేనిచో తమ చేతినీడయే పనిమీద పడును. ఎడమచేతివారికి దీనికి మారు. రాత్రివేళ పైకప్పు దీపము చాలదు. వంచుటకు వీలగు చిన్న బల్లదీపము తెల్లని ఎల్‌.ఇ.డి. బల్బుతో అమర్చుకొనుడు. 20 నిమిషముల కొకమారు తలయెత్తి, 20 అడుగుల దూరమున నున్న వస్తువును 20 సెకండ్లపాటు చూచుట కంటికి విశ్రాంతి.

పిదప ఆసనము. నేలమీద కూర్చుండువారు వీపు గోడకానించి, ముందు చిన్న పీటబల్ల పెట్టుకొనవలెను. కుర్చీ వాడువారి పాదములు నేలను తాకవలెను; తాకకున్నచో క్రింద పీట వేసికొనుడు.

అటుపిమ్మట అమరిక. 1926లో వియన్నా నగరపు స్త్రీ శిల్పి మార్గరెటే షూట్టె-లిహోట్‌స్కీ, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరపు క్రొత్త యిండ్ల కొరకు ఒక వంటగదిని కల్పించెను. దాని వెడల్పు రెండు మీటర్లకు లోపే. పనిలో ఏది ముందో, ఏది వెనుకయో లెక్కించి, వస్తువులను ఆ వరుసనే యుంచుటవలన వృథా నడక తప్పినది. అట్టి వంటగదులు సుమారు 10,000 నిర్మింపబడినవి. మన మూలకును ఇదే కిటుకు. ఒకే రకము వస్తువులను ఒకచోట గుంపుగా పోయక, పని నడచు వరుసలో పెట్టుకొనుడు: గుడ్డ, కొలతటేపు, సుద్దముక్క, కత్తెర ఒకప్రక్క, సూది, దారము, చట్రము మధ్య, గుండీలు, అంచులు, ఇస్త్రీపెట్టె మరియొకప్రక్క. దినదినము వాడునవి కూర్చున్నచోటునుండి చేతికందవలెను. నెలకొకమారు వాడునవి సజ్జమీదికి పోవచ్చును.

పెట్టెలు కొననక్కరలేదు. మూలబడిన పోపుల డబ్బా గింజపూసలకును, చమ్కీలకును ఎంతయో అనుకూలము. గాజుసీసాలలో గుండీలు వెలికి కనబడుచుండును. పాత జీన్సు జేబులు కత్తిరించి ఒక గుడ్డమీద వరుసగా కుట్టి తలుపు వెనుక తగిలించినచో కత్తెరలు, కుంచెలు, చట్రములు అందు నిలుచును. వర్షకాలమున సూదులు త్రుప్పుపట్టకుండుటకు మూతగట్టిగానున్న డబ్బాలో నుంచుడు. పట్టుగుడ్డల నడుమ వసకొమ్ము మూట వేయుట మన అమ్మమ్మలెరిగిన పద్ధతియే. చిన్నపిల్లలున్న యింటిలో సూదులను లెక్కపెట్టి తీయుడు, లెక్కపెట్టి పెట్టుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది “పనిపలక.” రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవుగల పలుచని చెక్కపలక నొకదానిని సంపాదించుడు. సగములోనున్న పని యంతయు దానిమీదనే. చుట్టములు వచ్చినచో పలకను పలకగానే ఎత్తి మంచముక్రిందికి నెట్టుడు. పైన పాతచీర ముక్క కప్పుడు. వారు వెళ్లినపిదప పలక బయటికి వచ్చును. పని విడిచినచోటనే మనకొరకు వేచియుండును. సూది వెదకుట, ముక్కలు జతపరచుట, “ఎంతవరకు వచ్చితినో” అని తలగోకికొనుట, ఇవేవియు లేవు.

ఇంటివారితో చెప్పవలసిన మాట

చోటు ఏర్పడినంతమాత్రమున నిలువదు. వారములోనే దానిమీదికి ఉతికిన బట్టలు, పాత పత్రికలు, ఎవరిదో తాళపుచెవి వచ్చి చేరును. అందుచేత మొదటిదినముననే ఇంటివారితో నెమ్మదిగా చెప్పుడు: “ఇది నా పనిచోటు. దీనిమీద ఏమియు పెట్టవద్దు, దీనినుండి ఏమియు తీయవద్దు.” అత్తగారికి దారములు తీర్చుటలో ఇష్టమున్నచో ఆమెకును అందు చిన్న పీట వేయుడు, కూతురికొక సూదియు, కొడుకునకొక సూదియు నిండు. పనిని పంచుకొన్నవారే చోటును కాపాడుదురు.

అచ్చట ఒక చిన్న లెక్కపుస్తకమును వ్రేలాడగట్టుడు. గుడ్డకెంత, దారమునకెంత, ఎన్ని గంటలు పట్టినదో వ్రాయుడు. మన స్త్రీలు తాము కుట్టినదానిని అమ్మునప్పుడు గుడ్డ వెల, దారము వెల కట్టి, తమ గంటలకు వెల కట్టక విడుచుట సర్వసాధారణము. అమ్మకున్నను సరే, గంటలు కాగితముమీద కనబడినప్పుడే అది కాలక్షేపము కాదు, పనియని ఇంటివారికి తెలియును, మనకును తెలియును.

ఈ వారమున ఒక్క ప్రయత్నము చేయుడు. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము మీ యింటిలో వెలుతురు ఎచ్చట పడుచున్నదో గమనింపుడు. అందు మూడడుగుల మేర ఖాళీచేసి, పలక వేసి, సగములో విడిచిన పాతపని నొకదానిని అటకనుండి దింపి దానిమీద పెట్టుడు. దినమునకు అరగంట చాలును. వచ్చు మాసమున, ఆ పలకమీద చేయదగిన పాతచీరల బొంతకుట్టును గూర్చి ముచ్చటించుకొందము.