క్యాన్ ఒకరిది, నీళ్లు ఇంకొకరివి: లెక్క చెప్పేదెవరు?

దర్శి, పొదిలి, కనిగిరి వైపు ఫ్లోరైడ్ బాధ ఇవాళ్టిది కాదు. అందుకే తాగడానికి 20 లీటర్ల క్యాన్ తెప్పించుకునే ఇళ్లు ఎన్నో. అదే క్యాన్ ఇవాళ ఇంటికి, రేపు హోటల్‌కి, ఎల్లుండి వలీమా విందుకి తిరుగుతుంది. ఆ నీళ్లు తాగి ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే, అది ఏ ప్లాంటులో ఏ రోజు నింపిన క్యానో చెప్పేదెవరు?

కాగితం స్టిక్కర్ నాలుగుసార్లు కడిగితే ఊడిపోతుంది. ఒక ప్లాంటు పేరున్న క్యాన్‌లో ఇంకో ప్లాంటు నీళ్లు పోసినా కనిపెట్టే దారి లేదు. ఇటు కేంద్రం 2022లో తెచ్చిన ప్లాస్టిక్ నిబంధనలేమో 4.9 లీటర్లు, ఆపైన పట్టే గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో 2025-26లో 70 శాతం తిరిగి వాడాలని కంపెనీలకు చెప్పాయి. అంటే తిరిగి వాడకం ఇంకా పెరిగేదే.

దీనికి ఒక ఉపాయం, లేజర్‌తో క్యాన్ మీదే చెక్కే డేటా మ్యాట్రిక్స్ కోడ్. సిరా, జిగురు లేవు కాబట్టి కడిగితే పోదు. కొంత గీసుకుపోయినా స్కానర్ చదువుతుంది. రాపిడి తక్కువ తగిలే మెడ దగ్గర చెక్కితే ఇంకా మేలు.

అయితే కోడ్ అంటే ఉత్త నంబరే. నింపిన ప్రతిసారీ స్కాన్ చేసి తేదీ ఎక్కించకపోతే అది అలంకారమే. చిన్న ప్లాంటువాడు ఒక్కడే ఈ ఖర్చు మోయలేడు. క్యాన్ డిపాజిట్‌ను ఆ కోడ్‌కే ముడిపెడితే క్యాన్ సొంత ప్లాంటుకు తిరిగొస్తుంది, లెక్కా నిలుస్తుంది. నీళ్లు మంచివో కావో మాత్రం పరీక్షే చెప్పాలి. తప్పు ఎక్కడ జరిగిందో కోడ్ చెబుతుంది.