పండగ ముందరి సాయంత్రం

వరలక్ష్మీ వ్రతం శ్రావణ పున్నమికి ముందొచ్చే శుక్రవారం నాడు. నన్నడిగితే మాత్రం అసలు పండగ గురువారం సాయంత్రమే అంటాను. నమ్మకం లేకపోతే ఆ పూట సికింద్రాబాద్ మోండా మార్కెట్లో ఓ గంట తిరిగి చూడండి.

అడుగు పెట్టగానే ముందు పలకరించేది వాసన. బంతిపూలు, చామంతులు, తడిసిన అరటాకులు, మామిడాకులు, కర్పూరం. చేతిలో చీటీ ఉంటుంది. తమలపాకులు, వక్కలు, పసుపుకొమ్ములు, కలశం మీదికి కొబ్బరికాయ, తోరాలకి తెల్లదారం. తొమ్మిది పోగులు, తొమ్మిది ముళ్లు కదా, దారం కాస్త ఎక్కువే కావాలి. అక్కణ్ణించి నాలుగడుగులు జనరల్ బజార్ వైపు వేస్తే జాకెట్ గుడ్డలు, గాజులు, చీరలు. వాయనాలకి డజను ముక్కలు ఒకే కొట్లో తీసుకుంటాం గనక బేరానికి మనకో పట్టు దొరుకుతుంది. పూలమ్మ మూర వేస్తుంటే ‘చెయ్యి కాస్త సాగదియ్యమ్మా’ అంటాం. ‘దేవుడిచ్చిన చెయ్యి ఇంతే అక్కా’ అంటుందామె. ఇద్దరం నవ్వుకుంటాం. ఆ నవ్వుకి ధర లేదు.

ఇంటికెళ్లాక శనగలు నానబెట్టాలి, పీట కడిగి ముగ్గెయ్యాలి, తెల్లారకముందే లేవాలి. పని ఏమీ తగ్గదు. అయినా ఈ రెండు గంటలూ ఎందుకింత హాయి? ఎందుకంటే ‘ఎక్కడికి, ఎంతసేపు’ అని ఎవరూ అడగరు. పండగ సామాన్లకి అంటే చాలు. అమ్మవారు మనకిచ్చే తొలి వరం, గడప దాటడానికో సాకు! 2023 డిసెంబరులో తెలంగాణలో మహాలక్ష్మి పథకం వచ్చింది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి జీరో టికెట్టే. బస్సు కిరాయి మిగిలితే అది మరో రెండు మూరల మల్లెపూలు. ఇది చిన్న సంగతేం కాదు.

అయితే మనకింత సంతోషం పంచిపెట్టే ఆడవాళ్ల సంగతి ఎప్పుడైనా ఆలోచించారా? బట్టల కొట్లో మనం మెత్తటి పరుపు మీద కూర్చుని ‘ఆ పైది తియ్యి, ఈ కిందిది తియ్యి’ అంటుంటాం. తీసే అమ్మాయి మాత్రం నిలబడే ఉంటుంది. మనకది గంటసేపు సరదా. ఆమెకి పొద్దున కొట్టు తెరిచింది మొదలు రాత్రి మూసేదాకా అదే నిలువుకాళ్ల కొలువు. శ్రావణమాసం అంటే మనకి నోములు, ఆమెకి వాచిన పాదాలు. ఇక పేవ్‌మెంటు మీద పూలమ్మే ఆమె మరుగుదొడ్డి ఎక్కడో తెలియక గుక్కెడు మంచినీళ్లు తాగడానికే జంకుతుంది.

ఇది తలరాత అనుకుని ఊరుకోనక్కర్లేదు. కేరళలో కోజికోడ్ మిఠాయి వీధి కొట్లలో పనిచేసే ఆడవాళ్లు ముందు మరుగుదొడ్డి కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం ఉద్యమించారు. ‘కూర్చోవడానికి కూడా ఉద్యమమా’ అని నవ్విన వాళ్లుంటారు. కానీ 2018లో కేరళ, 2021లో తమిళనాడు తమ దుకాణాల చట్టాలను సవరించి, పనిచేసే వాళ్లకి సీటు ఏర్పాటు చెయ్యాల్సిందేనన్నాయి. మన ఊళ్లో కొట్టు యజమాని ఒక స్టూలు వెయ్యడానికి చట్టం కోసమే చూడాలా? లైట్ల తోరణాలకి పెట్టే ఖర్చులో అదెంత? కార్పొరేషన్ వారు బజారుకో శుభ్రమైన ఆడవాళ్ల మరుగుదొడ్డి కట్టించి, నీళ్లొచ్చేలా చూస్తే అది అమ్మేవాళ్లకే కాదు, చంటిపిల్లల తల్లులకీ, షుగరున్న పెద్దవాళ్లకీ పనికొస్తుంది.

మనం చెయ్యగలిగిందీ ఉంది. ఈసారి చీర చూపించే అమ్మాయితో ‘నువ్వూ కూర్చోమ్మా, తొందరేం లేదు’ అనండి. గల్లాపెట్టె దగ్గరున్న ఆయనకి వినబడేలా అనండి. కొనేవాళ్ల మాటకున్న బరువు ఆయనకి బాగా తెలుసు. రూపాయి తగ్గించమని అరగంట వాదించగల నోరు మనది. అందులో ఒక్క మాట ఆమె కోసం ఖర్చు పెట్టలేమా?