ముందు కంచం, తర్వాత గ్యాలీ

డిసెంబర్ 7 అంతర్జాతీయ పౌర విమానయాన దినం. 1944లో ఇదే తేదీన షికాగోలో 52 దేశాలు సంతకాలు చేసిన ఒప్పందం మీదే ఇప్పటికీ ప్రపంచ విమానయానం నడుస్తోంది. ఏటా ఈ రోజున పత్రికలు కొత్త విమానాశ్రయాల గురించో, టికెట్ ధరల గురించో రాస్తాయి. ఈసారి మేం విమానం వెనక భాగంలో, తెర చాటున ఉండే వంటింటి గురించి రాస్తున్నాం. పోచారం చెరువు కింది ఊళ్లకు దానితో ఏం పని అని అడగొచ్చు. నాగిరెడ్డిపేట, లింగంపేట, ఎల్లారెడ్డి పక్క ఊళ్లలో విమానం ఎక్కినవాళ్లను లెక్క తీయండి. విహారానికి ఎక్కినవాళ్లు తక్కువ, దుబాయికో మస్కట్‌కో పనికి ఎక్కినవాళ్లు ఎక్కువ. మెదక్, నర్సాపూర్ మీదుగా శంషాబాద్ చేరి, గంటల తరబడి లైన్లలో నిలబడి, చివరికి సీట్లో కూర్చున్న మనిషికి ఆకలేస్తుంది. అతని ముందుకు ఏం వస్తుందో, అసలు ఏమైనా వస్తుందో లేదో ఆ తెర వెనక అంగుళాల్లో తేలిపోతుంది.

ఆ గదిని గ్యాలీ అంటారు. పేరుకు వంటిల్లే కానీ అక్కడ వంట జరగదు. మంట వెలిగించే వీలే లేదు. నేలమీది వంటశాలలో వండి, వెంటనే 5 డిగ్రీల దాకా చల్లార్చి, రేకు డబ్బాల్లో సర్ది పైకి ఎక్కిస్తారు. పైన జరిగేది వేడి చేయడం, పంచడం, ఎంగిలి డబ్బాలు మళ్లీ సర్దుకోవడం. ఈ మూడు పనులకీ కావలసిన ఓవెన్లు, నీళ్లు మరిగించే బాయిలర్, కాఫీ యంత్రం, ట్రాలీలు, చెత్తను నొక్కిపెట్టే పెట్టె అన్నీ అటు ఇటు తిరగడానికి చోటు లేనంత జాగాలో ఇమడాలి.

మొట్టమొదట ఈ బాధ ఏదీ లేదు. 1919 అక్టోబర్‌లో హ్యాండ్లీ పేజ్ సంస్థ లండన్–పారిస్ విమానంలో 3 షిల్లింగులకు భోజనం డబ్బా అమ్మింది. అది చల్లటి తిండి. మన మాటల్లో చెప్పాలంటే సద్ది. విమానంలో మనుషులు తిన్న తొలి భోజనానికి గ్యాలీ అవసరమే పడలేదన్న సంగతి గుర్తు పెట్టుకోండి, దానితో మళ్లీ పని ఉంది.

వేడి తిండి కావాలనుకున్నప్పుడే చిక్కులు మొదలయ్యాయి. మొదట్లో ఫ్లాస్కులతో నెట్టుకొచ్చారు. 1936లో అమెరికాలో యునైటెడ్ సంస్థ విమానాల కోసమే నేలమీద ఒక వంటశాల పెట్టింది. అసలు మలుపు 1945 ప్రాంతంలో విలియం మాక్సన్ తెచ్చాడు. మాంసం, కూర, ఆలుగడ్డ మూడు గళ్లలో పెట్టి గడ్డకట్టించిన పళ్లెం ఒకటి, దాన్ని వేడి చేయడానికి లోపల ఫ్యాన్ తిరిగే చిన్న ఓవెన్ ఒకటి తయారుచేశాడు. వేడిగాలి చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఆరు పళ్లేలు పావుగంటలో వేడెక్కేవి. ఇవాళ బేకరీల్లో కనిపించే ఫ్యాన్ ఓవెన్ల తొలి రూపాల్లో అదొకటి. అంటే చోటు లేకపోవడం వల్ల పుట్టిన పరికరం, చోటున్న వంటిళ్లలోకి దిగి వచ్చింది.

ఆ తరువాతి ఎనభై ఏళ్ల చరిత్ర అంతా సానపట్టడమే. విమానంలో కరెంటు ఇంట్లో వచ్చే 50 హెర్ట్జ్ కాదు, 400 హెర్ట్జ్. మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చిన్నవిగా, తేలికగా ఉండటానికి అలా పెట్టుకున్నారు. నడవ ఎంత ఉంటే ట్రాలీ అంత. అమెరికా నిబంధన ప్రకారం పెద్ద విమానాల్లో నడవ అడుగున కనీసం 15 అంగుళాలు, అంటే 38 సెంటీమీటర్లు ఉండాలి. అందుకే యూరప్ సంస్థలు కలిసి ఖాయం చేసుకున్న అట్లాస్ కొలతలో ట్రాలీ వెడల్పు 30 సెంటీమీటర్లే. ట్రాలీ వెడల్పును బట్టి ట్రే, ట్రేను బట్టి గిన్నె, గిన్నెను బట్టి అన్నం. మనిషి ఆకలిని బట్టి మొదలైన లెక్క ఇందులో ఎక్కడా లేదు.

ఇక బరువు. గ్యాలీలో ప్రతి వస్తువూ ముందుకు తన బరువుకు తొమ్మిది రెట్లు తోపు పడినా ఊడిరాకూడదు. ముప్పై కిలోల ఓవెన్ ఉంటే దాని గడియ 270 కిలోల తోపును ఆపాలి. అందుకే గ్యాలీ తలుపులకి ఒకటికి రెండు గడియలుంటాయి. మామూలు రోజుల్లో ఈ బలం ఎవరికీ కనబడదు. 2025 ఆగస్టు వరదల్లో మన పోచారం మత్తడి మీదుగా ఎన్నడూ లేనంత నీరు దూకింది. 1916లో పని మొదలుపెట్టి 1922లో ముగించిన ఆ గేట్లు లేని కట్ట నిలబడింది. కట్టిన ఇంజినీర్లు లెక్కలో వదిలిపెట్టిన మిగులు శతాబ్దం తరువాత అక్కరకొచ్చింది. గ్యాలీ గడియలోనూ ఉండేది ఆ మిగులే. చోటు కోసం, బరువు కోసం దేన్నయినా చెక్కేయొచ్చు, దాన్ని మాత్రం చెక్కకూడదు.

ఈ చెక్కడం అన్నిసార్లూ అక్కడితో ఆగలేదు. 1970ల మొదట్లో వచ్చిన డీసీ-10, ట్రైస్టార్ విమానాల్లో సీట్ల కోసం గ్యాలీని సామాన్ల అంతస్తులోకి దించి, ట్రాలీలు పైకి రావడానికి చిన్న లిఫ్టులు పెట్టారు. కాగితం మీద అంతకంటే తెలివైన పని లేదు. 1981లో ఒక డీసీ-10లో ఆ లిఫ్టు దగ్గర ఒక ఎయిర్‌హోస్టెస్ నలిగి చనిపోయింది. మెల్లగా గ్యాలీ మళ్లీ పైకొచ్చింది.

ఇప్పటి పద్ధతి వేరు. ఎయిర్‌బస్ ఎ320లో స్పేస్-ఫ్లెక్స్ అనే అమరిక ఉంది. వెనక మరుగుదొడ్లను చివరి గోడకు జరిపి, గ్యాలీని వాటి పక్కన సగం చేసి, మిగిలిన చోట సీట్లు వేసుకుంటారు. ఒకప్పుడు 180 మందిని మోసే విమానాన్ని ఇండిగో 186 సీట్లతో నడుపుతోంది. రెండు మరుగుదొడ్ల మధ్య గోడ తీస్తే చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకు వీలవుతుంది, అది మెచ్చుకోవలసిందే. కానీ మరుగుదొడ్డి తలుపు పక్కనే టీ కలిపే ఏర్పాటును మన ఊళ్లో ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది? విమానంలో ఆ ఏర్పాటుతో పనిచేయవలసింది అక్కడి సిబ్బంది. ఆ ఆరు సీట్ల చోటు వాళ్ల మోచేతుల దగ్గర నుంచి వచ్చింది.

ఇక్కడే ఒక చిన్న కథ ఉంది. 2006లో ఎగరడం మొదలుపెట్టిన ఇండిగో చాలా ఏళ్లు విమానాల్లో ఓవెన్లే పెట్టుకోలేదు. బరువు తగ్గింది, గ్యాలీ చిన్నదయింది. ఓవెన్ లేకుండా వేడివేడిగా ఏం పెట్టాలి? ఉప్మా. వేయించి ఆరబెట్టిన రవ్వ ఉన్న కప్పులో బాయిలర్ నీళ్లు పోసి కాసేపు మూత పెడితే చాలు. కొందరు ఆ ఉప్మాను వెక్కిరిస్తారు. మా దృష్టిలో అది ఇటీవలి గ్యాలీ రూపకల్పనలో అన్నిటికంటే తెలివైన అడుగు. ఓవెన్ సైజు ఎలా తగ్గించాలని ప్రపంచమంతా తలలు పట్టుకుంటే, ఓవెన్ అక్కర్లేని తిండి ఏదని అడిగారు. జవాబు మన పొయ్యి మీదే దొరికింది.

ఈ ప్రశ్నను ఇంకొంచెం లాగి చూడవలసిన అవసరం ఉంది. విమానం ఎంత ఎత్తున ఎగిరినా లోపలి గాలి 8,000 అడుగుల ఎత్తులో ఉండేదానికంటే పల్చబడకుండా చూస్తారు. ఊటీ కన్నా కాస్త పైన కూర్చున్నట్టు. అక్కడ నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతాయి, టీ సరిగా దిగదు. లోపలి గాలి పొడిగా ఉంటుంది. 2010లో జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ లుఫ్తాన్సా కోసం పరీక్షించి చూస్తే ఉప్పు, తీపి నాలుకకు తక్కువగా తెలిశాయి, టమాటా లాంటి రుచులు నిలబడ్డాయి. పులుపూ కారమూ దండిగా ఉండే మన తిండికి ఇది కలిసొచ్చే సంగతే. కానీ గ్యాలీ ట్రే కొలతలు బ్రెడ్డు ముక్క, వెన్న, మాంసం, కేకు కోసం పుట్టాయి. అందులో పప్పుచారు పోస్తే విమానం ముక్కు పైకెత్తగానే ఒలుకుతుంది. అన్నం రెండోసారి వేడికి ఎండి పుల్లలవుతుంది. ఆవిరి ఓవెన్ ఉంటే ఇడ్లీ బతుకుతుంది, దోసె మాత్రం ఏ ఓవెన్లోనూ బతకదు.

మరి పులిహోర? తరతరాలుగా ప్రయాణానికి కట్టుకున్న తిండి, వేడి అక్కర్లేదు, చింతపండు పులుపు కొంత కాపాడుతుంది. అయినా విమానంలోకి నేరుగా రాలేదు. నిబంధనల ప్రకారం 5 డిగ్రీల్లో పెడితే అన్నంలోని పిండి పదార్థం బిగుసుకుని మెతుకు గట్టిపడుతుంది. బయట పెడితే వండిన అన్నంలో పెరిగే సూక్ష్మజీవుల భయం. ఈ ముడి విప్పితే ఓవెన్, దానికి కరెంటు, దాని గడియ అన్నీ పోతాయి. రొట్టె-తొక్కు సంగతీ అంతే. చల్లారాక జొన్న రొట్టె విరగకుండా ఉండాలంటే ఏం చేయాలన్నది వంటింటి ప్రశ్న అయినంతగా ఇంజినీరింగ్ ప్రశ్న కూడా.

ఈ ప్రశ్నలకు కావలసిన మనుషులు హైదరాబాద్‌లో ఒకరికొకరు గంట దూరంలో ఉన్నారు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. 1991లో మోహన్ రెడ్డి మొదలుపెట్టిన ఇన్ఫోటెక్, ఇప్పటి సైయెంట్, ప్రపంచ విమాన సంస్థలకు ఇంజినీరింగ్ చేసిపెడుతోంది. గ్యాలీ పరికరాలు చేసే బి/ఇ ఏరోస్పేస్ 2017లో రాక్‌వెల్ కొలిన్స్‌లో కలిసింది, దాని వారసురాలు కొలిన్స్ ఏరోస్పేస్‌కు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. ఆదిబట్లలో విమానాల, హెలికాప్టర్ల భాగాలు తయారవుతున్నాయి. నిజాం ప్రభుత్వం టాటాలతో కలిసి 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టిన నేల ఇది. కేంద్రంలో పౌర విమానయాన శాఖ కూడా పదేళ్లలో రెండుసార్లు ఉత్తరాంధ్ర నాయకుల చేతికి వచ్చింది, మొదట అశోక్ గజపతిరాజు, ఇప్పుడు రామ్మోహన్ నాయుడు. అయినా తిండి తెలిసినవాళ్లూ, గడియ లెక్క తెలిసినవాళ్లూ ఒక బల్ల ముందు కూర్చున్న దాఖలా మాకు కనబడలేదు. ఇచ్చిన కొలతలకు బొమ్మ గీయడంలో మనవాళ్లు ఆరితేరారు. కొలత ఎవరిదని అడిగే అధికారం కొనేవాళ్లకు ఉంటుంది.

ఆ కొనేవాళ్లు ఇప్పుడు ఇక్కడే ఉన్నారు. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలు, జూన్‌లో ఇండిగో 500 విమానాలు కొంటామని ప్రకటించాయి. ఇండిగో అడిగిన ఆ 500 విమానాలు 2030–2035 మధ్య రావాలి, వచ్చాక ఏళ్లకేళ్లు ఎగరాలి. గ్యాలీ అమరిక మాత్రం విమానం రాకముందే కాగితం మీద ఖాయమైపోతుంది, తరువాత మార్చాలంటే ప్రతి గడియనూ మళ్లీ పరీక్షకు పెట్టాలి. అంటే అడగవలసిన కాలం ఇదే. గల్ఫ్ దారిలో నాలుగు గంటలు కూర్చునే కూలీ ఏం తింటాడో, ఎంతకు కొనగలడో, ఆ తిండి పంచే అమ్మాయి నడుము ఎన్నిసార్లు వంగాలో ముందు రాసుకుని, ఆ కాగితం పట్టుకుని ఎయిర్‌బస్ దగ్గరికి వెళ్లమని మన సంస్థలను అడుగుతున్నాం.