రొట్టె తట్టడం మగవాళ్లూ నేర్చుకోవాలి

మూడేళ్ల కింద రక్తపరీక్షలో నాకు షుగర్ బయటపడింది. మా కుల్కచర్లలో ఇప్పుడిది కొత్త ముచ్చట కాదు. చాయ్ దుకాణంలో కూర్చుంటే కంది ధర తర్వాత గోలీల మాటే వస్తుంది. డాక్టర్ రాసిన గోలీలు మానకుండానే ఇంట్లో రెండు అలవాట్లు మార్చుకున్నాను.

మొదటిది రాత్రి తిండి. నా చిన్నప్పుడు అన్నం పండుగకో, చుట్టాలొస్తేనో వండేవారు. రోజూ జొన్నరొట్టె, గట్కే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆ బియ్యం ఎందరి ఆకలి తీర్చిందో కళ్లారా చూశాను, దాన్ని తప్పుపట్టను. కానీ మూడు పూటలా అన్నమే అయింది. నాయన నడిచిపోయిన పొలానికి మేం బండి మీద పోతున్నాం, నాగలి జాగాలో ట్రాక్టర్ వచ్చింది. పని తగ్గినా కంచంలో కుప్ప తగ్గలేదు.

మళ్లీ జొన్నరొట్టె అనగానే అందరి నోటా ఒకటే మాట: చేసే ఓపిక ఎవరికుంది? అది నిజం. పొద్దంతా చేనులో వంగి వచ్చిన ఆడమనిషి రాత్రి పొయ్యి ముందు ఇంటిల్లిపాదికీ రొట్టెలు తట్టాలంటే ఎట్లా? అందుకే నేనే నేర్చుకున్నాను. మొదటి వారం అంచులన్నీ పగిలిపోయేవి. నీళ్లు బాగా తెర్లనియ్యాలని, పిండి వేడిగా ఉన్నప్పుడే అరచేత్తో గట్టిగా మెదపాలని, పెనం మీద వేయగానే తడిచేత్తో పైన నీళ్లు రాయాలని మా ఇంటామె దగ్గరుండి చూపింది. ఇప్పుడు నా రొట్టె పొంగుతుంది.

జొన్న మందు కాదు. అదీ పిండిపదార్థమే, నాలుగు లాగిస్తే లాభం లేదు. రెండు చాలు. పక్కన పుంటికూరో తోటకూరో నిండుగా, గట్టి పప్పు ఉండాలి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది మన చేలల్లోనే పండుతుంది. దాన్ని సంచులకెత్తి అమ్ముకొని, మనం నీళ్ల చారుతో సరిపెట్టుకోవడం ఏం న్యాయం? కంచంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది.

రెండోది నడక. వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. పొద్దున పావుగంట, రాత్రి తిన్నాక పావుగంట నడిస్తే ఐదు రోజుల్లో ఆ లెక్క తీరుతుంది. తిన్నవెంటనే కండరాలు కదిలితే రక్తంలోని చక్కెరను అవే వాడుకుంటాయి. దీనికి జిమ్ము అక్కరలేదు, ఊరి తొవ్వ చాలు.

నాకు పొయ్యి పని వచ్చినప్పటి నుంచి మా ఇంటామెకూ రాత్రి కొంత తీరిక దొరికింది. ఇప్పుడిద్దరం కలిసే నడుస్తున్నాం. ఇంట్లో ఒక్కరి మీదే బరువు వేసి తెచ్చుకునే ఆరోగ్యం ఎన్నాళ్లో నిలవదు. అన్నలారా, రేపు రాత్రి పిండి మీరు కలపండి.