గిరిజన సంక్షేమ శాఖ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

డైరెక్టర్ గారూ,

పాడేరు, అరకు, చింతపల్లి వైపు నుంచి చదువుల కోసం విశాఖ వచ్చే ఆదివాసీ పిల్లల గురించి ఈ లేఖ. గంజాయి వద్దంటూ ర్యాలీలు, ప్రతిజ్ఞలు జరుగుతూనే ఉన్నాయి. వాటిలో పోలీసు గొంతే తప్ప ఏజెన్సీ గొంతు వినిపించదు. పైగా మన్యమంటేనే గంజాయి అని నగరం ముద్ర వేసేసింది. ఆ చూపుకు జడిసి, సాయం అడగాల్సిన పిల్లాడు నోరు విప్పడు.

సంచి మోస్తే చేతిఖర్చులిస్తామన్న మాటకు లొంగాడనుకోండి. అందులో సరుకు 20 కిలోలు దాటితే ఎన్‌డీపీఎస్ చట్టం కింద కనీసం 10 ఏళ్ల జైలు. కోర్టు ఖర్చులకు ఇంట్లో గొడ్డూగోదా అమ్ముకోవాలి. అదే చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది: అలవాటు పడి, వాడకం లేదా కొద్ది మొత్తం కేసులో ఉన్నవారు తమంతట తాము చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. హాస్టల్ గోడల మీద రాయించాల్సింది ఇది.

వచ్చే విద్యాసంవత్సరానికల్లా విశాఖలోని ప్రతి గిరిజన పోస్ట్ మెట్రిక్ హాస్టల్‌కూ కువి, ఆదివాసీ ఒడియా భాషలు వచ్చిన ఆదివాసీ కౌన్సెలర్‌ను నియమించండి. నెలకోసారి ఊరి పెద్దలను దారిఖర్చులిచ్చి పిలిపించండి. ఆదివాసీ పండగల్లో జీలుగు కల్లు ఉంటుంది, దాచేదేమీ లేదు. ఎప్పుడు, ఎంత, ఎవరి ముందు అన్న కట్టుబాటు ఆ పెద్దలే చెప్పగలరు, పోస్టరు చెప్పలేదు. చైత్రంలో ఇటుకల పండుగకు సెలవివ్వండి. థింసా నృత్యాన్ని మంత్రులొచ్చిన రోజుకే దాచిపెట్టకండి.

వీటిలో ఏది ఎప్పటిలోగా చేస్తారో రాతపూర్వకంగా ప్రకటించండి.

ఇట్లు,
విశాఖ పౌరుడు